తల్లి లేని పిల్లాడు వేసిన పిల్లల తోట

ప్రతి ఏడాదీ జూన్ వచ్చేసరికి మనం ఇంటికి పంపే డబ్బులో కొంత ఎల్‌కేజీ ఫీజు కింద పోతుంది. ఎల్ అంటే లోయర్, అది అందరికీ తెలుసు. కే, జీ అంటే కిండర్‌గార్టెన్. ఇది ఇంగ్లీషు మాట కాదు, జర్మన్ మాట. కిండర్ అంటే పిల్లలు, గార్టెన్ అంటే తోట. అంటే పిల్లల తోట అన్నమాట. ఈ పేరు పుట్టింది 1840లో. పెట్టిన మనిషి ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్. మనం ఫీజులు కట్టే చాలా స్కూళ్లలో ఆయన పెట్టిన పేరు మిగిలింది గానీ ఆయన వేసిన తోట మాత్రం మిగల్లేదు. మూడేళ్ల పిల్లాడి చేతికి పెన్సిలు, వీపుకి బ్యాగు, సాయంత్రానికి హోంవర్కు. ఇవేవీ ఫ్రోబెల్ పెట్టినవి కావు.

సైటు మీద పనిచేసే మాకు పిల్లల చదువు గురించి రాయడానికి అర్హత ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఈ ఫ్రోబెల్ కూడా మొదట్లో మన లైను మనిషే. అడవి పని నేర్చాడు, భూములు సర్వే చేశాడు, బిల్డింగు పని చదువుదామని ఊరు వదిలి వెళ్లాడు. చేతిలో డబ్బు లేక జైల్లో కూడా ఉన్నాడు. ఎన్నో ఊళ్లు తిరిగి, ఎన్నో పనులు మారి, చివరికి 55 ఏళ్ల వయసులో గానీ తన అసలు పని మొదలుపెట్టలేదు. అందుకే ఈయన జీవితం మనవాళ్లకి చెప్పాలనిపించింది.

పాస్టరు గారింట్లో ఒంటరి పిల్లాడు

ఫ్రోబెల్ పుట్టింది 1782 ఏప్రిల్ 21న, జర్మనీ నడిమధ్యలో తురింగియా అనే కొండల ప్రాంతంలో. ఊరి పేరు ఓబర్‌వైస్‌బాఖ్. అప్పటికి జర్మనీ ఒక దేశం కాదు, చిన్నా పెద్దా సంస్థానాల గుంపు. తండ్రి లూథరన్ చర్చిలో పాస్టరు. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయనే చూసుకోవాలి. ఇంటిమీద కన్నేసే తీరిక ఉండేది కాదు.

పిల్లాడికి తొమ్మిది నెలలు నిండేసరికి తల్లి చనిపోయింది. కొన్నేళ్లకి తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి తల్లి మొదట్లో బాగానే చూసింది. ఆమెకి సొంత కొడుకు పుట్టాక అంతా మారిపోయింది. జర్మన్‌లోనూ మనకిలాగే దగ్గరివాళ్లని పిలవడానికి ఒక మాట, దూరం పెట్టడానికి ఇంకో మాట ఉన్నాయి. ఇంట్లో పిల్లాణ్ని నువ్వు అనాల్సిన చోట, పనివాళ్లతో మాట్లాడినట్టు అతను అనడం మొదలుపెట్టింది. ఆ చిన్న మాట ఎంత లోతుగా గుచ్చుకుందో ఫ్రోబెల్ పెద్దయ్యాక రాసుకున్న జీవితకథలో చెప్పాడు.

తండ్రి దృష్టిలో వీడు మందబుద్ధి. చదవడం త్వరగా రాలేదు. మగపిల్లల బడిలో కాకుండా ఆడపిల్లల బడిలో కూర్చోబెట్టారు. ఇంటి చుట్టూ గోడలు, కంచెలు, పక్కనే పెద్ద చర్చి. బయటికి వెళ్లి ఆడుకునే వీలు తక్కువ. పిల్లాడికి తోడుగా మిగిలింది ఇంటి దగ్గరి తోట ఒక్కటే. మొక్కలు, పువ్వులు, పురుగులు చూస్తూ గంటలు గడిపేవాడు. ముందు ముందు ఆయన చేసిన పని అంతటికీ వేరు ఇక్కడే ఉంది.

పదేళ్లప్పుడు మేనమామ వచ్చి చూశాడు. పిల్లాడి పరిస్థితి అర్థమై తన ఊరు స్టాట్‌ఇల్మ్‌కి తీసుకెళ్లాడు. మేనమామ ఇల్లు అంటే మనకి చెప్పక్కర్లేదు. అక్కడ నలభై మంది ఈడు పిల్లలతో కలిసి బడికి వెళ్లాడు, బయట తిరిగాడు, ఆడుకున్నాడు. ఒంట్లో బలం వచ్చింది, మనసు కుదుటపడింది. అదే పిల్లాడు, అదే బుర్ర. మారింది ఇల్లు, చుట్టూ ఉన్న మనుషులు. ఇది ఆయన జన్మలో మర్చిపోలేదు.

అడవి నుంచి జైలు, జైలు నుంచి సర్వే

15 ఏళ్లకి, 1797లో, ఒక ఫారెస్టరు దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టారు. రెండేళ్ల ఒప్పందం. ఆ ఫారెస్టరుకి పని తెలుసు గానీ నేర్పే తీరిక లేదు. కుర్రాడు ఆయన దగ్గరున్న పుస్తకాలు చదువుకున్నాడు, చెట్లు గుర్తుపట్టడం, లెక్కలు, జ్యామితి తనంతట తనే పట్టుకున్నాడు. మేస్త్రీ వెనక తిరుగుతూ చూసి పని నేర్చినవాళ్లకి ఈ సంగతి బాగా తెలుస్తుంది.

తర్వాత జేనా యూనివర్సిటీలో చేరాడు. తల్లి వాటాగా వచ్చిన కొద్ది డబ్బే ఆధారం. అక్కడే చదువుతున్న అన్నకి కొంత అప్పుగా ఇచ్చాడు. అది తిరిగి రాలేదు. భోజనం బాకీ పెరిగింది. ఆ రోజుల్లో యూనివర్సిటీకి సొంత జైలు ఉండేది. బాకీ కట్టలేక తొమ్మిది వారాలు అందులో ఉన్నాడు. తండ్రి ఆస్తిలో వాటా అడగనని ఒప్పుకున్నాకే బయటికి వచ్చాడు. 1801లో చదువు మధ్యలోనే ఆపి ఇంటికి చేరాడు. మరుసటి ఏడు తండ్రి పోయాడు.

అక్కణ్నుంచి మన కథే. ఒకచోట అడవి ఆఫీసులో గుమస్తా, ఇంకోచోట భూముల సర్వే, మరోచోట ఎస్టేటులో లెక్కలు రాసే ఉద్యోగం. ఎక్కడా కుదురు లేదు. చివరికి బిల్డింగులు కట్టే పని నేర్చుకుందామని 1805లో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లాడు. అక్కడ ఒక మోడల్ స్కూలు నడుపుతున్న గ్రూనర్ అనే హెడ్మాస్టరు పరిచయమయ్యాడు. ఈ కుర్రాడితో కాసేపు మాట్లాడి, నువ్వు ఆర్కిటెక్టువి కాదు, టీచరువి అని తేల్చేశాడు. పిల్లల ముందు నిలబడిన మొదటి రోజే, ఇన్నాళ్లూ వెతుకుతున్న పని ఇదేనని ఫ్రోబెల్‌కి అర్థమైంది. అదే సంగతి అన్నకి ఉత్తరం రాశాడు.

పెస్టలోజీ దగ్గర చూసింది, యుద్ధంలో దొరికింది

ఆ కాలంలో పిల్లల చదువు అంటే స్విట్జర్లాండ్‌లో పెస్టలోజీ పేరే చెప్పుకునేవాళ్లు. బట్టీ కాదు, కళ్లతో చూసి చేత్తో పట్టుకుని నేర్చుకోవాలి అనేది ఆయన పద్ధతి. ఫ్రోబెల్ 1805లో ఇవెర్‌దాన్ వెళ్లి ఆ స్కూలు చూసి వచ్చాడు. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ధనవంతుల ఇంట్లో ముగ్గురు అబ్బాయిలకి ట్యూటరుగా కుదిరాడు. వాళ్లకి ఒక చెక్క భూమి ఇప్పించి తోట పని చేయించాడు. 1808లో ఆ ముగ్గురినీ తీసుకుని మళ్లీ ఇవెర్‌దాన్ చేరి రెండేళ్లు ఉన్నాడు.

తిరిగొచ్చి గోటింగెన్‌లో, బెర్లిన్‌లో సైన్సు చదివాడు. బెర్లిన్‌లో వైస్ అనే ప్రొఫెసర్ దగ్గర స్ఫటికాల శాస్త్రం నేర్చుకున్నాడు. రాయి లోపల కూడా ఒక లెక్క ఉంది, ఒక ఆకారం ఉంది, చిన్న ముక్క పెద్ద ముక్కకి అద్దంలా ఉంటుంది అని అక్కడ చూశాడు. ఉప్పు కల్లుని భూతద్దం కింద పెట్టి చూస్తే చిన్న చిన్న పెట్టెల్లా కనిపిస్తుంది కదా, అదే సంగతి. తర్వాత ఆయన పిల్లల చేతికిచ్చిన చెక్క ముక్కల వెనక ఈ స్ఫటికాల చదువు ఉంది.

1813లో నెపోలియన్ మీద యుద్ధానికి వాలంటీరుగా వెళ్లాడు. పెద్ద పోరాటాలు చేయలేదు గానీ అక్కడే లాంగెటాల్, మిడెన్‌డార్ఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు దొరికారు. మిడెన్‌డార్ఫ్ అయితే చివరిదాకా నీడలా ఉన్నాడు. యుద్ధం అయ్యాక బెర్లిన్ ఖనిజాల మ్యూజియంలో వైస్ దగ్గరే అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. జీతం ఉంది, గౌరవం ఉంది. రెండేళ్లకి అది కూడా వదిలేశాడు.

వదిన పిల్లలతో మొదలైన బడి

కారణం ఇంటి బాధ్యత. అన్న క్రిస్టోఫ్ గ్రీస్‌హైమ్ ఊళ్లో పాస్టరు. యుద్ధంలో జబ్బుపడ్డ సిపాయిలకి సేవ చేస్తూ టైఫస్ సోకి 1813లో చనిపోయాడు. వదిన, ముగ్గురు మగపిల్లలు మిగిలారు. వాళ్ల చదువు చూడాలని 1816 నవంబరులో ఫ్రోబెల్ గ్రీస్‌హైమ్ చేరాడు. ఆ ముగ్గురు, ఇంకో అన్న కొడుకులు ఇద్దరు. మొత్తం అయిదుగురు పిల్లలతో బడి మొదలైంది. మరుసటి ఏడు పక్కనున్న కైల్‌హావ్ అనే పల్లెకి మార్చారు. యుద్ధంలో దొరికిన ఇద్దరు స్నేహితులూ వచ్చి కలిశారు. 1818లో హెన్రియెట్ అనే బెర్లిన్ ఆవిడని పెళ్లి చేసుకున్నాడు. పట్నంలో సుఖంగా పెరిగిన ఆవిడ ఈ కొండపల్లెకి వచ్చి బడి పిల్లలందరికీ అమ్మగా నిలబడింది.

కైల్‌హావ్‌లో పిల్లలు కొండలెక్కేవాళ్లు, వాగులకి ఆనకట్టలు కట్టేవాళ్లు, చెక్కలతో ఇళ్లు కట్టేవాళ్లు. చదువూ ఉండేది. పదేళ్లలో పిల్లలు 60 మంది దాకా పెరిగారు. 1826లో ఆయన మనిషి విద్య గురించి పెద్ద పుస్తకం రాశాడు. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం చదవడం అంత సులువు కాదు. వాక్యాలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. ఆయన రాసినదాని కంటే చేసి చూపించింది తేలిగ్గా అర్థమవుతుంది.

కానీ ఆ రోజుల్లో సర్కార్లకి కొత్త బడి అంటే అనుమానం. ఇక్కడ తిరుగుబాటుదార్లని తయారుచేస్తున్నారని పుకారు పుట్టింది. ప్రభుత్వం పంపిన ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి మెచ్చుకుంటూ రిపోర్టు ఇచ్చాడు. అయినా పుకారు ఆగలేదు. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. 1829 నాటికి మిగిలింది అయిదుగురు. మొదలైన చోటికే వచ్చింది లెక్క.

1831లో ఫ్రోబెల్ స్విట్జర్లాండ్ వెళ్లాడు. అక్కడ అయిదేళ్లు కొన్ని బడులు నడిపాడు, బుర్గ్‌డార్ఫ్ అనే ఊళ్లో అనాథాశ్రమం చూశాడు. బడికొచ్చే వయసుకే పిల్లల్లో చాలా సంగతులు స్థిరపడిపోతున్నాయని, పునాది అంతకుముందే పడుతోందని అక్కడ గట్టిగా అనిపించింది. స్లాబు పోశాక పునాది సరిచేయలేం. మన పనిలో రోజూ చూసేదే. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసం ఎవరూ ఏమీ ఆలోచించడం లేదు. ఉన్నవల్లా తల్లులు పనికి పోతే పిల్లల్ని కూర్చోబెట్టి కాపలా కాసే చోట్లు.

బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్న బడి

భార్యకి ఒంట్లో బాగాలేక 1836లో జర్మనీ తిరిగొచ్చాడు. 1837లో కైల్‌హావ్‌కి దగ్గర్లోని బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో పని మొదలుపెట్టాడు. ముందు చెక్క ఆటవస్తువులు చేయించి పెట్టెల్లో పెట్టి పంపేవాడు. తర్వాత ఊరి చిన్నపిల్లల్ని పోగేసి ఆటలు మొదలుపెట్టాడు. 1839లో హెన్రియెట్ చనిపోయింది. వాళ్లకి సొంత పిల్లలు లేరు.

ఈ కొత్త బడికి ఏం పేరు పెట్టాలో చాలాకాలం తేలలేదు. బడి అనడం ఇష్టం లేదు, ఎందుకంటే అక్కడ పాఠాలు చెప్పరు. 1840 వసంతంలో స్నేహితులతో కొండదారిన నడుస్తుంటే కింద లోయ అంతా తోటలా కనిపించిందట. ఆ చోటే పేరు తట్టిందని ఆయన మనుషులు చెప్పుకునేవారు. అదే కిండర్‌గార్టెన్. 1840 జూన్ 28న ఆ పేరుతో సభ పెట్టి ప్రకటించారు. డబ్బు కోసం పది థాలర్ల చొప్పున షేర్లు అమ్మి, జర్మనీ ఆడవాళ్లందరూ కలిసి నడిపే సంస్థగా చేయాలనుకున్నాడు. షేర్లు కావలసినన్ని అమ్ముడుపోలేదు. అప్పులే మిగిలాయి.

ఆయన ఆటవస్తువులకి పెట్టిన పేరు కానుకలు. మొదటి కానుక ఆరు రంగుల ఊలు బంతులు, దారం కట్టి ఉంటాయి. చంటిపిల్ల పట్టుకుని ఊపుకోవచ్చు. రెండోది చెక్క గోళం, చెక్క ఘనం, రెంటి మధ్యా ఒక స్తంభం ముక్క. గోళం దొర్లుతుంది, ఘనం కూర్చుంటుంది, స్తంభం నిలబెడితే ఉంటుంది, పడుకోబెడితే దొర్లుతుంది. ఘనానికి దారం కట్టి గిర్రున తిప్పితే స్తంభంలా కనిపిస్తుంది. మూడోది రెండంగుళాల ఘనం, అది ఎనిమిది అంగుళం ఘనాలుగా విడిపోతుంది. నాలుగోది కూడా అదే సైజు, కానీ ఎనిమిది ఇటుకలుగా విడిపోతుంది. ఒక్కో ఇటుక రెండంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, అరంగుళం మందం. మన ఇటుకలాగే పొడవు వెడల్పుకి రెట్టింపు, అందుకే జాయింటు మీద జాయింటు పడకుండా పేర్చొచ్చు. అయిదోది మూడంగుళాల ఘనం. అందులో కొన్నిటిని మూలగా రెండు, నాలుగు ముక్కలు చేస్తే మొత్తం 39 ముక్కలు. ఇళ్లకి పైకప్పులు, గోపురాలు కట్టేది వీటితోనే.

ఆడే పద్ధతికి కూడా ఒక క్రమం ఉంది. పెట్టె బోర్లించి పైకి లాగితే ముక్కలన్నీ ఘనంగానే బయటికి రావాలి. ముందు మొత్తం చూడాలి, తర్వాత విడదీయాలి. కట్టేటప్పుడు ముక్కలన్నీ వాడాలి. కట్టింది కూలగొట్టి కొత్తది కట్టడం కాదు, ఉన్నదాన్ని జరుపుతూ కుర్చీని బల్లగా, బల్లని బావిగా మార్చాలి. అయ్యాక మళ్లీ ఘనంగా పేర్చి పెట్టెలో పెట్టాలి. ఒకసారి కుర్చీ, బావి లాంటి వస్తువులు కడతారు. ఒకసారి మన ముగ్గుల్లాగా అందమైన ఆకారాలు పేరుస్తారు. ఒకసారి సగం, పావు, రెట్టింపు లాంటి లెక్కలు చూస్తారు. ఎక్కం ఒక్కటి కూడా చెప్పకుండా సగంలో సగం పావు అని చెయ్యి నేర్చుకుంటుంది.

ఇవి కాక కాగితం మడత, చాప అల్లినట్టు కాగితం అల్లిక, బంకమట్టి, నానబెట్టిన బఠాణీలకి పుల్లలు గుచ్చి ఫ్రేములు కట్టడం. గుండ్రంగా నిలబడి పాటలతో ఆటలు. 1844లో తల్లులు ఒళ్లో పిల్లలతో ఆడుకునే వేళ్ల ఆటలు, పాటలు బొమ్మలతో పుస్తకంగా వేశాడు. వాటిని పల్లె తల్లుల దగ్గర చూసి పోగేశాడు. తల్లి ఒడి ఎరగని మనిషి ఈ పుస్తకం చేశాడు.

అన్నిటికంటే ముఖ్యం తోట. ప్రతి పిల్లకీ ఒక చిన్న మడి, దాని మీద వాళ్ల పేరు. అందులో ఏం వేసుకుంటారో వాళ్ల ఇష్టం. ఈ సొంత మళ్ల చుట్టూ అందరివీ కలిసిన మళ్లు, వాటిలో కూరగాయలు, పువ్వులు, గింజలు. ఉమ్మడి మళ్ల పని అందరూ కలిసి చేయాలి. నీళ్లు పోయకపోతే మొక్క ఎండుతుంది. ఎవరూ తిట్టక్కర్లేదు, మొక్కే చెబుతుంది. లాగితే మొక్క పెరగదు అనే సంగతి కూడా పిల్లలతో పాటు పెద్దవాళ్లు అక్కడ నేర్చుకోవాలని ఆయన ఉద్దేశం.

ముసలాయన, పిల్లలు, నిషేధం

ఈ పని ఆడవాళ్లే బాగా చేయగలరని ఆయన నమ్మాడు. అప్పట్లో చదువుకున్న ఆడపిల్లలకి బయట పని దొరకడమే కష్టం. వాళ్లకి ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టాడు. 1848లో రుడోల్‌స్టాట్‌లో టీచర్ల సభ పెట్టి తన పద్ధతి చూపించాడు. 1849లో బాడ్ లీబెన్‌స్టైన్ అనే స్నానాల ఊరికి మకాం మార్చాడు. పొడుగు జుట్టు ముసలాయన పల్లెపిల్లల్ని వెంటేసుకుని కొండమీద గెంతుతూ పాడుతుంటే ఊళ్లోవాళ్లు పిచ్చి ముసలాయన అనుకునేవారు. అక్కడికి స్నానాలకి వచ్చిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ బ్యూలో అనే జమీందారు కుటుంబం ఆవిడ ఆగి చూసింది, మాట్లాడింది, శిష్యురాలైంది. తర్వాత యూరప్ దేశాలన్నీ తిరిగి ఈ పద్ధతిని పరిచయం చేసింది ఆవిడే. 1850లో దగ్గర్లోని మరియెన్‌టాల్ భవనం ట్రైనింగ్ స్కూలుకి దొరికింది. 1851లో తన దగ్గర పనిచేసిన లూయీజె లెవిన్‌ని పెళ్లి చేసుకున్నాడు.

పెళ్లయి రెండు నెలలు తిరక్కుండానే దెబ్బ పడింది. 1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం తన రాజ్యంలో కిండర్‌గార్టెన్లు నిషేధించింది. పిల్లల్ని నాస్తికులుగా, సోషలిస్టులుగా తయారుచేస్తున్నారని ఆరోపణ. 1848 విప్లవం అణిచేశాక సర్కారు ప్రతి కొత్త సంగతికీ భయపడుతున్న రోజులవి. పైగా కార్ల్ ఫ్రోబెల్ అనే ఇంకొకాయన ఆడపిల్లల కాలేజీలు, కిండర్‌గార్టెన్ల గురించి రాసిన పుస్తకం మంత్రి చేతికి వచ్చింది. ఇంటిపేరు ఒకటే కాబట్టి ఇద్దర్నీ ఒక గాటన కట్టేశారు. ఆ కార్ల్ ఎవరో కాదు, 1816లో ఏ వదిన పిల్లల కోసం ఫ్రోబెల్ బెర్లిన్ ఉద్యోగం వదిలి వచ్చాడో ఆ పిల్లల్లో ఒకడు.

ఫ్రోబెల్ మంత్రికి రాశాడు, రాజుకి రాశాడు. ఆ పుస్తకం నాది కాదు, నేను దేవుణ్ని నమ్మేవాణ్ని అని చెప్పుకున్నాడు. ఆర్డరు మారలేదు. పేపర్లో ఒక పేరు తప్పు పడితే దాన్ని సరిచేయించడం ఎంత కష్టమో, పాస్‌పోర్టులో స్పెల్లింగు తేడా వచ్చినవాళ్లని అడిగితే చెబుతారు.

1852 ఏప్రిల్‌లో 70వ పుట్టినరోజు శిష్యురాళ్లు, పిల్లలు పూలతో చేశారు. ఆ వేసవిలోనే గోథాలో జరిగిన టీచర్ల మహాసభకి వెళ్తే, ఆయన లోపలికి రాగానే సభంతా లేచి నిలబడింది. అదొక్క సంతోషం దక్కింది. 1852 జూన్ 21న మరియెన్‌టాల్‌లో కన్నుమూశాడు. ష్వైనా ఊళ్లో సమాధి. దాని మీద ఒక ఘనం, దాని మీద స్తంభం, దాని మీద గోళం రాతితో చెక్కి నిలబెట్టారు. ఆయన పిల్లల చేతికిచ్చిన రెండో కానుక అది. నిషేధం ఎత్తేసింది 1860లో. ఆయన చూడలేదు.

వలసపోయినవాళ్లు మోసుకెళ్లిన తోట

ఆయన పోయాక ఈ తోటని ప్రపంచానికి పంచింది మనలాంటి వలస మనుషులే. 1848 విప్లవం ఓడిపోయాక చాలామంది జర్మన్లు దేశం విడిచారు. బెర్తా రోంగె భర్తతో కలిసి లండన్‌లో కిండర్‌గార్టెన్ పెట్టింది. ఆమె చెల్లెలు మార్గరెట్ షుర్జ్ అమెరికా వెళ్లింది. 1856లో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో తన కూతురు, బంధువుల పిల్లలు కొద్దిమందిని ఇంట్లో కూర్చోబెట్టుకుని ఆటలు, పాటలు మొదలుపెట్టింది. భాష జర్మనే. పరాయి దేశంలో మన పిల్లలు మన మాట మర్చిపోకూడదని అనుకునే తల్లి ఏం చేస్తుందో అదే చేసింది. అమెరికాలో మొదటి కిండర్‌గార్టెన్‌గా దాన్నే చెప్పుకుంటారు. ఆమెని కలిసిన ఎలిజబెత్ పీబాడీ 1860లో బోస్టన్‌లో ఇంగ్లీషులో మొదలుపెట్టింది. 1873లో సెయింట్ లూయిస్ ఊళ్లో సుసాన్ బ్లో సర్కారు బడిలోనే పెట్టించింది.

మన లైనువాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. 1876లో ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్‌లో ఈ కానుకలు చూసిన ఒక తల్లి తన కొడుక్కి కొనిచ్చింది. ఆ పిల్లాడు ఫ్రాంక్ లాయిడ్ రైట్, తర్వాత అమెరికాలో అంత పేరున్న ఆర్కిటెక్టు లేడు. ఆ నున్నటి చెక్క ముక్కల పట్టు తన వేళ్లకి చివరిదాకా ఉందని రైట్ తన జీవితకథలో రాసుకున్నాడు. బిల్డింగు పని నేర్చుకోలేకపోయిన ఫ్రోబెల్, చెక్క ముక్కలతో ఒక బిల్డింగు మనిషిని తయారుచేశాడు.

అంతా మంచే జరిగిందని కాదు. ఆయన పోయాక కొంతమంది శిష్యులు ఈ కానుకల్ని డ్రిల్లుగా మార్చేశారు. టీచరు చెప్పినట్టు అందరూ ఒకేసారి ఒకే ముక్క కదపాలి. అది ఆట కాదు. 1907లో రోమ్‌లో మాంటిస్సోరి తన పద్ధతితో వచ్చాక ఫ్రోబెల్ పేరు కొంత వెనకపడింది.

మన దేశంలో ఈ ఆలోచనకి దగ్గరి మాట ఒకటుంది. తారాబాయి మోదక్ అనే ఆవిడ మాంటిస్సోరి పద్ధతిని మన పల్లెలకి తగ్గట్టు మార్చి, 1945 నుంచి మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పేదపిల్లల వాకిట్లోకే బాలబడిని తీసుకెళ్లింది. అంగణం అంటే వాకిలి, వాడీ అంటే తోట. అంగన్‌వాడీ అనే మాట అర్థం అదే. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం పథకం పెట్టాక ఆ మాట మన ఊళ్లన్నిటికీ వచ్చింది. పక్క వీధిలో ఉన్న అంగన్‌వాడీని చిన్నచూపు చూసి, బస్సెక్కించి కే, జీలకి పంపుతున్నాం. రెండు మాటల్లోనూ ఉన్నది తోటే.

మనం ఇక్కడ, పిల్లలు అక్కడ

మనలో చాలామంది పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఫోన్లో మనం అడిగేది ఏబీసీడీలు వచ్చాయా, ఎన్ని మార్కులు వచ్చాయి అని. ఇక్కడ పడే కష్టానికి అక్కడ ఏదో లెక్క కనిపించాలని మన ఆరాటం, తప్పు లేదు. కానీ మూడేళ్ల పిల్లాడి ఎదుగుదల నోటుబుక్కులో కనిపించదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఆరేళ్ల దాకా ఆటపాటలతోనే నేర్పాలని, ఒకటో తరగతి ఆరేళ్లకే అని చెప్పింది. అంటే ఫ్రోబెల్ మాట ఇప్పుడు సర్కారు కాగితం మీద కూడా ఉంది. అడిగే హక్కు మనకుంది. ఫీజు కట్టేముందు స్కూల్లో మట్టి ఉందా, చెట్టు ఉందా, పిల్లలు రోజూ ఎంతసేపు ఆడతారు అని అడగొచ్చు.

ఇంట్లో చేయగలిగిందీ చాలా ఉంది. మనలో కార్పెంటర్లకి అంగుళం ఘనాలు ఎనిమిది కోయడం ఎంతసేపు. మంచి చెక్క తీసుకుని, అంచులు పేపరుతో రుద్ది నున్నగా చేస్తే చాలు. షట్టరింగ్ ఆయిల్, పెయింటు, మేకులు తగిలిన చెక్క మాత్రం వద్దు. మరీ చంటిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి అంగుళం ముక్కలు మూడేళ్లు దాటినవాళ్లకే, అదీ పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు. సెలవుకి వెళ్లేటప్పుడు బ్యాగులో బ్యాటరీ కారుతో పాటు ఈ పెట్టె కూడా పడుతుంది. వాకిట్లో రెండడుగుల మడి చేసి పిల్లాడి పేరుతో మెంతులు చల్లిస్తే నాలుగైదు రోజుల్లో మొలక కనిపిస్తుంది. రోజూ ఫోన్లో ఏబీసీడీల బదులు మెంతులు ఎంత పెరిగాయని అడగొచ్చు. బొమ్మరిల్లు, గుజ్జనగూళ్లు, చింతపిక్కలు మనకి కొత్తవి కావు. నాయనమ్మల దగ్గర ఉన్న ఆ ఆటల్ని టైం వేస్టు అని మనం తీసేయకపోతే చాలు.

ఫ్రోబెల్ చేసింది కూడా పెద్ద బిల్డింగు కాదు. ఎప్పుడూ అప్పులే, అద్దె ఇళ్లే, పట్టుమని పదేళ్లు ఒకచోట నిలిచిన పని తక్కువ. బ్లాంకెన్‌బుర్గ్‌లో ఇప్పుడు ఆయన పేరుతో మ్యూజియం ఉంది. ఊలు బంతులు, చెక్క ముక్కలు అక్కడ చూడొచ్చు. ఈసారి ఇంటినుంచి ఎల్‌కేజీ ఫీజు రసీదు ఫొటో వచ్చినప్పుడు, ఆ రెండు అక్షరాల మీద ఒకసారి చూపు ఆపి, మన పిల్లాడికి తోట ఉందో లేదో ఇంట్లోవాళ్లని అడుగుదాం.